ఇచ్ఛాపురానికి ఇవతలే ఆగిన బండి

పార్లమెంటు సమావేశాలు లేని వారాలలో ఢిల్లీ విలేఖరికి తీరిక ఉంటుంది, వార్త ఉండదు. అటువంటి ఒక వారం చూసుకొని జంషెడ్‌పూర్ వచ్చాను. వచ్చిన పని దగ్గరి బంధువుల ఇంట గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం ముగిసి భోజనాల వేళ అయ్యేసరికి సంభాషణ రాజకీయాల మీదికి పోతుందని అనుకున్నాను. పోలేదు, రైలుబండి మీదికి పోయింది. ఈ ఊరి తెలుగువారు నలుగురు కలిసిన చోట అంతకన్న పెద్ద రాజకీయం లేదని ఆ పూటే నాకు బోధపడింది.

ఇంతకూ ఆ బండి ఏదనగా, టాటానగర్ నుంచి బరంపురం వెళ్ళే వందే భారత్. 2024 సెప్టెంబరు 15న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ స్వయంగా టాటానగర్ స్టేషనుకు వచ్చి జెండా ఊపవలసి ఉండగా, వర్షం అడ్డు వచ్చి రాంచీ నుంచే ఆ లాంఛనం జరిపించారు. ఆనాడు ఒక్క పట్టున ఆరు బండ్లు బయలుదేరాయి. అందులో టాటానగర్‌కు రెండు దక్కాయి: ఒకటి పాట్నాకు, ఒకటి బరంపురానికి. రెండవది కియొంఝర్ గనుల సీమ గుండా జాజ్‌పూర్ కియొంఝర్ రోడ్, కటక్, భువనేశ్వర్, ఖుర్దారోడ్ మీదుగా సుమారు 9 గంటలలో బరంపురం చేరుతుంది. ఉక్కు పట్టణాన్నీ, ఇనుప గనులనూ, ఒక రాష్ట్ర రాజధానినీ, చిలకసముద్రపు ఒడ్డునూ ఒక్క పగటి ప్రయాణంలో కలిపే బండి ఈ దారిన లేకపోయిన లోటును అది తీర్చింది. ఆ మేరకు రైల్వే వారిని అభినందించక తప్పదు.

అయితే బరంపురానికి ఇచ్ఛాపురం ఎంత దూరం? సుమారు 25 కిలోమీటర్లు. పలాస ఎంత దూరం? 75 కిలోమీటర్లు మించదు. ఇంచుమించు 590 కిలోమీటర్లు పరుగెత్తిన బండి ఆంధ్రదేశపు గడప ముందు ఆగి, అటునుంచి అటే వెనుదిరిగి పోతున్నది. జంషెడ్‌పూర్ తెలుగువారి పుట్టిళ్ళలో అధిక భాగం ఆ గడప దాటిన వెంటనే ఉన్నాయి.

గృహప్రవేశానికి వచ్చినవారిలో ఎనభై ఏళ్ళు పైబడిన ఒక పెద్దాయన ఉన్నారు. కర్మాగారంలో క్రేను నడిపి విరమించినవారు. సోంపేట ప్రాంతం నుంచి వారి తండ్రి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. నేను ఢిల్లీ నుంచి వచ్చానని తెలియగానే కుర్చీ నా పక్కకు జరుపుకొన్నారు.

“ఏటి బాబూ, మీరు ఢిల్లీలో ఉంటారు గదా, మీకు తెలిసే ఉంటాది. బరంపురం దాకా వచ్చీసిన బండికి ఆ మూడు టేషన్లే బరువైపోనాయా?”

నా వద్ద సిద్ధంగా సమాధానం లేదు. “కనుక్కొని రాస్తానండీ” అన్నాను. ఈ వారపు లేఖ ఆ మాట చెల్లించుకోవడానికే.

తెలుగువారు ఈ ఊరికి ఎట్లా వచ్చారో చెప్పనిదే ఈ ప్రశ్న బరువు తెలియదు. వారిని తెచ్చింది రైలే. బెజవాడ నుంచి కటక్ దాకా సాగిన తూర్పు తీరపు రైలు మార్గం 1893-96 సంవత్సరాల నడుమ తెరుచుకొన్నది. 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ చేతికి వచ్చింది. ఖరగ్‌పూర్ ఆ కంపెనీకి గుండెకాయ. అక్కడి వర్క్‌షాపులోకి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగు కూలీలూ, ఫిట్టర్లూ, గుమాస్తాలూ తరలిపోయారు. ఖరగ్‌పూర్ నుంచి పడమటికి పోయే అదే కంపెనీ మార్గం మీద కాళీమాటి అనే చిన్న స్టేషను ఉండేది. 1907లో టాటావారు ఉక్కు కంపెనీ స్థాపించి, సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద సాక్చి గ్రామాన్ని ఎంచుకొన్నారు. 1912లో అక్కడ ఉక్కు పోతపోశారు. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టగా, కాళీమాటి టాటానగర్ అయింది. ఖరగ్‌పూర్‌లో అన్న ఉంటే కాళీమాటిలో తమ్ముడు దిగాడు. తమ్ముడు దిగితే ఊరిలోని సగం వీధి అతని వెంట నడిచింది. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ నిలిచి ఉన్న సాక్ష్యం.

మరొక సంగతి మన పాఠకులు మరచి ఉండరు. 1894లో బరంపురంలో పుట్టి, ఆ బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులనే కూడగట్టి, 1920ల చివరలో వారి సమ్మెకు నాయకత్వం వహించి పేరుగాంచిన వరాహగిరి వెంకటగిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టిన ఊరు ఆయన పుట్టిననాడు మద్రాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. సరిహద్దు గీత గీసినవారు రైలు పట్టాలను మాత్రం కోయలేదు. పట్టాల మీద గీత గీసే పని తర్వాతి కాలంలో జరిగింది.

1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, బరంపురం, పలాస, విశాఖపట్నం అన్నీ ఒకే జోన్ కింద ఉండేవి. కలకత్తా గార్డెన్‌రీచ్‌లో కూర్చున్న ఒక్క అధికారి సంతకంతో ఆ ఊళ్ళన్నింటికీ బండి వేయవచ్చు. 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు తీర రైల్వే విడివడింది. టాటానగర్ చక్రధర్‌పూర్ డివిజన్‌లో భాగంగా పాత జోన్‌లో ఉండిపోయింది. 2019 ఫిబ్రవరిలో విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ తీర రైల్వే ప్రకటించారు. 2025 జనవరిలో దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. 2025 ఫిబ్రవరిలో వాల్తేరు డివిజన్‌ను కుదించి విశాఖపట్నం డివిజన్‌గా నిలుపుతూ కేంద్ర మంత్రివర్గం నిర్ణయం చేసింది. ఆంధ్రులు దశాబ్దాల తరబడి కోరిన జోన్ అది. కోరిక తీరినందుకు సంతోషమే. కాని ఆ నిర్ణయం పలాస వద్ద మొదలవుతుంది. పలాసకు ఉత్తరాన ఇచ్ఛాపురం వైపు పట్టాలు, నేల ఆంధ్రదేశానిదే అయినా, ఖుర్దారోడ్ డివిజన్ లెక్కలోనే ఉండిపోయాయి. పెద్దాయన అడిగిన మూడు స్టేషన్లు సరిగా ఆ ముక్కలో ఉన్నాయి. ఇప్పుడు జంషెడ్‌పూర్ నుంచి విశాఖకు ఒక కొత్త బండి వేయాలంటే మూడు జోన్లు ఏకాభిప్రాయానికి రావాలి. ముగ్గురు వియ్యంకులు ఒక్క ముహూర్తానికి ఒప్పుకోవడం ఎంత తేలికో ఇదీ అంతే తేలిక.

ఇంతకాలం వారు ఎట్లా వెళ్ళారు అని అడగవచ్చు. ఈ ఊరి తెలుగువారి నోట “అలెప్పీ బండి” అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. టాటానగర్ నుంచి కొన్ని పెట్టెలు బయలుదేరి రూర్కెలా వద్ద అసలు బండికి తగిలేవి. టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా పోయేవి. తరువాతి కాలంలో ఆ పెట్టెలు విడివడి ఎర్నాకుళం దాకా పోయే ప్రత్యేక బండిగా మారాయి. బొబ్బిలివారికీ విజయనగరంవారికీ అది పుట్టింటి బండి. శ్రీకాకుళం తీరపు ప్రజలకు అది కొరగాదు. కొండల వెనుకనుంచి పోతుంది. వారు ఖరగ్‌పూర్ పోయి, అర్ధరాత్రి దాటిన తరువాత ప్లాట్‌ఫారం మీద బెడ్డింగు పరుచుకొని హౌరా-మద్రాసు మెయిలు కోసం ఎదురుచూసేవారు. బెడ్డింగులు పోయి చక్రాల సూట్‌కేసులు వచ్చాయి గాని, ఎదురుచూపు పోలేదు. విశాఖకు నేరుగా పోయే బండి వారానికొకటి. చావు కబురు వారం చూసి రాదు.

ఇక నన్ను జర్మనీ దాకా తీసుకుపోయిన దారి రూర్కెలా గుండా పోతుంది. టాటానగర్‌కు పడమట తదుపరి ఉక్కు నగరం రూర్కెలా. అక్కడి కర్మాగారం జర్మన్ సహకారంతో నిర్మితమైనది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నిర్మాణంలో ముఖ్యులైన క్రుప్ సంస్థది ఎస్సెన్ నగరం, డెమాగ్ సంస్థది డూయిస్‌బుర్గ్. ఈ రెండు నగరాలూ రూర్ లోయలోనివి. ఒకనాడు జర్మనీకి బొగ్గూ ఉక్కూ పెట్టిన లోయ అది; మన చోటానాగపూర్‌కు అన్నగారు వంటిది.

ఆ లోయలో ఒక ప్రాంతీయ ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది. దాని పేరు ఆర్.ఇ. 1. పడమటి సరిహద్దు నగరమైన ఆఖెన్‌లో బయలుదేరి కొలోన్, డ్యూసెల్‌డార్ఫ్, డూయిస్‌బుర్గ్, ఎస్సెన్, బోఖుమ్, డార్ట్‌మండ్ మీదుగా హమ్ చేరుతుంది. దానికి జెండా ఊపే ప్రధానమంత్రి అక్కరలేదు, అది గంటకొకటి. ముందుగా సీటు కేటాయించుకోనక్కరలేదు. ఒక బండి తప్పితే మరొక బండి. ఒకే నెల టికెట్టు మీద ఈ బండీ ఎక్కవచ్చు, దిగిన ఊరిలో ట్రామూ ఎక్కవచ్చు. దేశమంతటా ప్రాంతీయ బండ్లకు చెల్లే నెల టికెట్టును 2023 మే నెలలో 49 యూరోలకు ప్రవేశపెట్టారు. 2025 జనవరిలో అది 58 అయింది, 2026 జనవరిలో 63. ధర పెంచినప్పుడల్లా అక్కడ కూడా పత్రికలు గోల పెట్టాయి.

ఇంకొక విశేషం. రూర్ లోయలో ఉక్కు క్షీణించింది. డూయిస్‌బుర్గ్ శివారు రైన్‌హౌజెన్‌లోని క్రుప్ కర్మాగారం కోసం 1987-88లో కార్మికులు నెలల తరబడి పోరాడారు. అయినా 1993లో అది మూతపడింది. ఉక్కు పోయిన చోట ప్రజలు ఒక ఊరిలో నివసిస్తూ మరొక ఊరిలో పని చూసుకోవలసి వచ్చింది. అటువంటివారికి గంటగంటకూ బండి అన్నం ముద్ద వంటిది. జంషెడ్‌పూర్‌లో ఉక్కు పోలేదు, పెరిగింది. కాని 1990ల నుంచి స్వచ్ఛంద విరమణ పథకాల మీద కార్మికులు తగ్గారు. తండ్రి విరమిస్తే కొడుకుకు గేటు తెరుచుకొనే రోజులు గతించాయి. కొడుకులు హైదరాబాదు, బెంగుళూరు, విశాఖ పట్టారు. అంటే ఈ ఊరికీ తెలుగు నేలకూ మధ్య రాకపోకలు పెరగవలసిన కాలమే ఇది.

జర్మనీ బండిని నేను ఆకాశానికెత్తదలచలేదు. అక్కడి దూరప్రయాణపు బండ్లలో 2024లో వేళకు చేరినవి నూటికి 62.5 మాత్రమే, ఆ మాట అక్కడి రైల్వే వారే ఒప్పుకొన్నారు. ఆర్.ఇ. 1 నడిపే ఒప్పందం పొందిన అబెలియో అనే కంపెనీ దివాలా ఎత్తగా, 2022 ఫిబ్రవరి నుంచి దానిని వేరొక కంపెనీకి హడావుడిగా అప్పగించవలసి వచ్చింది. ప్రైవేటు పోటీ సర్వరోగ నివారిణి అని నమ్మే మన ఢిల్లీ పండితులు ఈ కథ చదువుకోవడం మంచిది.

నన్ను ఆకట్టుకొన్నది వేరు. కంపెనీ దివాలా తీసినా బండి ఆగలేదు. ఎందుకనగా బండి కంపెనీది కాదు. 1996 జనవరి 1 నుంచి జర్మనీలో ప్రాంతీయ రైళ్ళ బాధ్యత రాష్ట్రాలకు అప్పగించారు. ధనం ఎక్కువ భాగం కేంద్రం ఇస్తుంది. ఏ ఊళ్ళను కలపాలి, గంటకెన్ని బండ్లు, ఎక్కడ ఆగాలి అన్నది రాష్ట్రమూ, అది ఏర్పరచిన రవాణా సంఘాలూ నిర్ణయిస్తాయి. నడిపేవారు కూలికి నడుపుతారు. ఎస్సెన్ పౌరునికి బండి మీద ఫిర్యాదు ఉంటే తన రాష్ట్ర శాసనసభ్యుని చొక్కా పట్టుకోవచ్చు.

మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రైల్వేలు కేంద్ర జాబితాలోని 22వ అంశం. దేశమంతటికీ ఒకే రైలు వ్యవస్థ ఉండడం వల్ల కలిగిన మేలును నేను కాదనను. కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా ఒకే టికెట్టు అన్నది చిన్న సంగతి కాదు. కాని ఒక వైపు కొత్త మార్గాలకు రాష్ట్రాలను ఖర్చులో వాటా అడుగుతున్నారు. నడికుడి-శ్రీకాళహస్తి మార్గానికి ఆంధ్ర ప్రభుత్వం భూమి ఇవ్వడానికీ, వ్యయం పంచుకోవడానికీ ఒప్పుకొన్న ఉదంతం మనకు తెలిసినదే. డబ్బు అడిగేటప్పుడు రాష్ట్రం భాగస్వామి, బండి అడిగేటప్పుడు అర్జీదారు. 1983లో సర్కారియా కమిషన్ వేసిన నాటి నుంచి కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నామో లెక్కలేదు. ఒక బండి మరొక 75 కిలోమీటర్లు పోవాలా వద్దా అన్నది ఎవరు తేల్చాలో ఆ ఉపన్యాసాలలో ఎవరూ చెప్పినట్లు నాకు గుర్తు లేదు.

పూర్వం ఆ అర్జీ వినిపించుకోవడానికి ఏడాదికొకమారు ఒక సంత జరిగేది. దాని పేరు రైల్వే బడ్జెట్. 1924 నుంచి విడిగా సమర్పించే ఆ బడ్జెట్‌లో మంత్రి కొత్త బండ్ల జాబితా చదువుతుంటే సభలో బల్లలు చరిచేవారు, లేదా బల్లలు ఎక్కేవారు. ఆ జాబితా మంత్రిగారి సొంత రాష్ట్రం వైపు మొగ్గేదన్నది బహిరంగ రహస్యం. 2015లో సురేశ్ ప్రభు కొత్త బండ్లు చదవడం మానేశారు. 2016లో ఆయన సమర్పించినదే చివరి రైల్వే బడ్జెట్. 2017 నుంచి అది సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయింది. ఆ ప్రభుగారే 2016లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు; అందువల్ల మనకు ఒక రైల్వే మంత్రి దక్కాడని కొంతకాలం మురిసిపోయాము. సంత ఎత్తివేయడం వల్ల అవినీతి తగ్గిందేమో, హేతువు పెరిగిందేమో. కాని సంతలో బేరమైనా నలుగురి ఎదుట జరిగేది. ఇప్పుడు జరిగేది రైలుభవన్ గదులలో.

రైల్వే వారి వాదన కూడా వినాలి. ఎవరి పేరూ రాయనని మాటిచ్చి ఒక అనుభవజ్ఞుణ్ణి అడిగాను. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: 9 గంటలు పోయి 9 గంటలు తిరిగివచ్చే బండికి ఒక్క రేకు సరిపోతుంది, శుభ్రం చేయడానికీ తనిఖీ చేయడానికీ రాత్రి కొద్ది గంటలు మిగులుతాయి. బరంపురం నుంచి విశాఖ మరి 275 కిలోమీటర్లు. అక్కడిదాకా పొడిగిస్తే రెండవ రేకు కావాలి. ఈ లెక్క న్యాయమైనదే. కాని పలాసకు? అక్కడికి గంట, గంటంబావు. “ఆ గంట రాను పోను రెండున్నర గంటలవుతుంది, మరమ్మతు సమయాన్ని తింటుంది” అన్నారు. సరే, బండిని పొడిగించలేకపోతే దానికి అందేటట్లు బరంపురం నుంచి పలాసకు ఒక మెమూ బండి నడపరాదా అన్నాను. ఆయన కొంచెంసేపు మౌనం వహించి, “అడిగినవారు ఉండాలి కదా” అన్నారు.

అసలు గుట్టు అక్కడ ఉన్నది. గొప్ప బండి ఒకటి వేయడం మనకు తెలుసు. ఆ బండికి చిన్న బండిని జతచేయడం తెలియదు. రూర్ లోయ బండి గొప్పతనం దాని వేగంలో లేదు. దిగిన చోట తదుపరి బండి సిద్ధంగా ఉండడంలో ఉన్నది. టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్‌కు, చక్రధర్‌పూర్‌కు, రూర్కెలాకు మెమూ బండ్లు ఉన్నాయి. కూలి జనం ఎక్కేవి అవే. వందే భారత్‌లో రిజర్వేషను లేని పెట్టె లేదు. సగటు ప్రయాణికుని టికెట్టు మీద నూటికి 46 రూపాయలు రాయితీ ఇస్తున్నామని 2024లో మంత్రి లోక్‌సభలో చెప్పారు. ఆ భారం మోసేది సరకుల బండి. చక్రధర్‌పూర్ డివిజన్ సంపాదనలో అధిక భాగం ఇనుప ఖనిజం వంటి సరకులదే. సరకుల బండికి దారి ఇచ్చి మనుషుల బండి పక్క లైనులో నిలబడడం ఈ ఊరివారికి అలవాటైపోయిన దృశ్యం. తమ నేల కింది సంపద మోసుకుపోయే పట్టాల మీద తమ బండికి తావు అడిగే హక్కు ఈ ప్రాంతపు ప్రజలకు ఉన్నదని నా అభిప్రాయం. అది తెలుగువారికే కాదు, హో, సంథాల్, ఒడియా, బెంగాలీ ప్రజలందరికీ.

రాజకీయంగా చూస్తే ఈ తెలుగువారు ఎవరికీ చెందనివారు. ఝార్ఖండ్ నాయకులకు వీరు ఆంధ్రులు, ఆంధ్ర నాయకులకు వీరు ఝార్ఖండ్ ఓటర్లు. ఖరగ్‌పూర్‌లో తెలుగు ఓట్లు తేల్చగలిగినన్ని ఉన్నందున 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషలలో చేర్చడానికి నిర్ణయించింది. జంషెడ్‌పూర్‌లో ఆ పాటి సంఖ్యాబలం కూడుకోలేదు. 2024 జూన్‌లో శ్రీకాకుళం పార్లమెంటు సభ్యుడు కింజరాపు రామమోహన్ నాయుడు కేంద్రంలో పౌర విమానయాన మంత్రి అయ్యారు. జంషెడ్‌పూర్‌లో పెద్ద విమానం దిగే విమానాశ్రయం లేదు. కావున ఆ మంత్రిత్వం ఇక్కడివారికి ఆకాశం మీది నక్షత్రం. అయినా తన నియోజకవర్గపు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస స్టేషన్ల కోసం రైల్వే మంత్రికి ఒక ఉత్తరం రాయడానికి ఏ శాఖ అయినా అడ్డురాదు. జంషెడ్‌పూర్ సభ్యుడు ఒకటి, బరంపురం సభ్యుడు ఒకటి రాసి ముగ్గురూ కలిసి వెళితే, “అడిగినవారు లేరు” అన్న మాట చెల్లదు.

ఢిల్లీకి బయలుదేరే ముందు పెద్దాయన ఇంటికి వెళ్ళి, కనుక్కొన్న సంగతులు చెప్పాను. రేకుల లెక్క శ్రద్ధగా విన్నారు. క్రేను నడిపిన మనిషి కనుక యంత్రానికి విశ్రాంతి కావాలన్న మాట వెంటనే ఒప్పుకొన్నారు. మెమూ బండి సంగతి చెప్పినప్పుడు మాత్రం, “అదేదో ముందే ఎట్టొచ్చు కద బాబూ” అన్నారు. ఆ వారాంతంలో ఆయన సొంత ఊరు పోతున్నారు, చెల్లెలి మనుమరాలి పెళ్ళి. మనుమడు బరంపురం దాకా టికెట్టు తీశాడు. అక్కడ దిగి, స్టేషను బయట ఆటో మాట్లాడుకొని బస్‌స్టాండుకు పోవాలి. ఇచ్ఛాపురంలో మేనల్లుడు మోటారుసైకిలు మీద వచ్చి నిలబడతాడట. సామాను ఎక్కువ పెట్టవద్దని కోడలికి రెండుసార్లు చెప్పారు.